‘ఫిక్స్‌డ్’ అని రాసే అలవాటు

మంగళవారం, అనకాపల్లి

నిద్ర పట్టడం లేదు.

కంపెనీ బస్సుల యాప్ కోడ్‌కి ఫిర్యాదుల ట్రాకర్‌ని నిన్న నేనే కలిపాను. కోడ్ సేవ్ చేసేటప్పుడు ఫిర్యాదు నంబరు పక్కన ‘ఫిక్స్‌డ్’ అని రాస్తే చాలు, అది దానంతటదే మూసుకుపోతుంది, పెట్టినవాళ్లకి సరిచేశామని మెసేజ్ వెళ్తుంది. సగం పనికి కూడా అదే మాట రాసేసి సాయంత్రం బస్సెక్కడం మా టీమ్ అలవాటని నాకు గుర్తే రాలేదు. నిన్న నేనూ ఒక ఫిర్యాదుకి అలాగే రాశాను.

ఈ పొద్దున్న రాంబిల్లి నుంచి నూకరత్నం ఫోన్ చేసింది. అచ్యుతాపురంలో ప్యాకింగ్ పనికి కంపెనీ బస్సులో వెళ్తుంది; తన స్టాపు యాప్‌లో లేక బస్సు ఆగడం లేదని ఆ ఫిర్యాదు పెట్టింది ఆవిడే.

“బాబూ, మా స్టాపు సరిసేసేమని మెసేజ్ వచ్చింది. అది నమ్మి మా ఆయన్ని బండి తియ్యొద్దన్నాను. బస్సు ఆగకుండా ఎల్లిపోయింది. మీరు ఏటి సరిసేసేరు?”

“చూస్తానమ్మా” అన్నాను.

ఆవిడ ఫిర్యాదు మళ్లీ తెరిచాను. నిన్న మూసుకున్నవి ఇంకా పదకొండున్నాయి. వాటిలో ఎన్ని నిజంగా సరిచేసినవో... మేనేజరుకి చెప్పాలంటే ముందు మా అలవాటు చెప్పాలి.

సాయంత్రం కూర్చుని ఆ స్టాపు సరిచేశాను. రెండుసార్లు పరీక్షించాను. ఈసారి నిజంగానే అయింది.

అయినా నంబరు పక్కన ఆ మాట రాయడానికి చేతులు రాలేదు.