రైలు దిగనివాడు

ప్లమ్‌ట్రీ,
మంగళవారం

నాయనా వెలెంపినీ,

నాయనా అని రాసేశాక కొట్టేద్దామనుకున్నాను. మనసు విరిగినా చెయ్యి పాత అలవాటే రాస్తుంది, ఉండనీ.

శనివారం నాటకం కాగానే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మా చెల్లెలి ఇంటికి వచ్చేశాను. ఇక బులవాయో హాల్లో అడుగుపెట్టను. వచ్చే శనివారం ఆటకి తల్లి వేషం జోడ్వాకి ఇమ్మని ఫనుయేల్ మాస్టారితో చెప్పు. ఆమె మన పాటలకి వాయించడమే కాదు, నాకంటే బాగా పాడుతుంది. ఏడుపు కూడా తనకి తేలిగ్గా వస్తుంది.

ఆ రోజు మొదటినుంచీ అన్నీ అపశ్రుతులే. ఇస్త్రీ చేస్తూ నా వేషం శాలువా కాల్చేశారు. ఇంటినుంచి వేసుకొచ్చిన నా నీలం శాలువాతోనే స్టేజి ఎక్కాను. మొదటి రంగంలో సారా దుకాణం అట్టగోడ విరిగి మ్పోఫు మీద పడింది. తాగుడు మానండని బోధించే పాదిరీ వేషంలో ఉన్న మనిషి గోడ కింద గిలగిల్లాడుతుంటే నేనే అదే వరసలో అందుకున్నాను, "పాదిరీగారూ, మీ మాట వినక గోడ కూడా తాగేసింది!" అని. జనం ఈలలు వేశారు. మీరంతా గంతులేస్తూనే గోడ లేపారు. తర్వాత జోడ్వా రెండో చరణం మరిచిపోయి నోరు తెరుచుకుని ఉండిపోతే, పక్కకి వెళ్ళి నడుం గిల్లి ఇద్దరి వంతూ నేనే పాడాను. ఒకరు పడితే ఇంకొకరు పట్టుకోవడం, మన బృందం అంటే అదేనని నమ్మినదాన్ని.

ఆ తర్వాత స్టేషను రంగం. కూత వినిపించింది. రంగులు వేసిన రైలు పెట్టె వచ్చి నిలిచింది. జోహన్నెస్‌బర్గ్ గనుల నుంచి కొడుకు వస్తున్నాడని నేను పాట అందుకున్నాను. పాట చివర నువ్వు తలుపు తీసుకుని దిగాలి. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ పాడాను. జోడ్వా మళ్ళీ వాయించింది. ఇంకోసారి పాడాను. వెనక బెంచీల్లోంచి ఎవడో అరిచాడు, "అమ్మా, నీ కొడుకు రైలు తప్పాడే! రేపటి బండికి రా!" అని. హాలంతా పగలబడి నవ్వింది. తెర పక్కకి చూశాను. మ్పోఫు ఉన్నాడు, మాస్టారు ఉన్నారు. ఒక్కరూ రాలేదు.

లోపలికి వచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. నువ్వు గోడకేసి తిరిగి, "ప్యాంటు జిప్పు ఇరుక్కుందమ్మా," అన్నావు. "మంచిపని చేశావురా, అలాగే దిగితే ఊరి పరువు పోయేది!" అని మాస్టారు నీ వీపు మీద చరిచారు. నా చేతిలో టీ గ్లాసు పెట్టారు.

ఈ వేషం నాకు ఇవ్వొద్దని అందరూ అన్నారు గుర్తుందా? "పాపం, కొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఆ రంగం ఆమెకి ఎందుకు?" అన్నారు. నేనే పట్టుబట్టాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఒక్కసారి నా కళ్ళముందు కొడుకు రైలు దిగాలి. అట్టరైలైనా సరే. అమ్మా అనాలి. రిహార్సల్లో నువ్వు బెంచీ మీంచి దిగి అమ్మా అన్న రోజున ఇంటికెళ్ళి కడుపునిండా తినేదాన్ని. అంత చిన్న ఆశని పట్టుకుని మీరు జిప్పులో ఇరికించి నవ్వుకున్నారు.

మెహ్లులి తల్లి,
సిఖన్యిసో


బులవాయో,
గురువారం

అమ్మా,

ఈ ఉత్తరం కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. చదవకుండా పొయ్యిలో పెట్టకు.

జిప్పు ఇరుక్కోలేదు.

తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కూత వినపడింది. తలుపు సందులోంచి నిన్ను చూశాను. అదే నీలం శాలువా, మెడ చాచి అదే చూపు. రిహార్సల్లో బెంచీయే కాబట్టి దిగగలిగాను. శనివారం నాకు అట్టరైలు కనపడలేదు, గనుల నుంచి నేను తిరిగొచ్చిన నాటి బులవాయో స్టేషను కనపడింది. ఆనాడు నేను దిగాను. నువ్వు నా చొక్కా పట్టుకుని, "వాడేడిరా?" అన్నావు. మెహ్లులి అదే రైల్లో వెనక సామాన్ల పెట్టెలో, శవపేటికలో ఉన్నాడు. టెలిగ్రాం నీకు ఎప్పుడో అంది ఉంటుందనుకున్నాను. నీ మొహం చూస్తే అందలేదని తెలిసింది. "వెనక వస్తున్నాడు," అని పరుగెత్తాను.

ఆ సంగతి నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అయినా నన్ను పిలిచి అన్నం పెడుతూ వచ్చావు.

శనివారం మళ్ళీ నీ ముందు దిగలేక తలుపు వెనక కూలబడిపోయాను. మ్పోఫు నీ దగ్గరికి రాబోయాడు. "వెళ్ళి ఏం చెబుతావు? అంతమంది ముందు ఆ మాట తీస్తావా?" అని మాస్టారే ఆపారు. జిప్పు మాట ఆయనదే. ఏడ్చిన నా మొహం నీ కంట పడకూడదని అందరూ నవ్వారు. జోడ్వా నీ వేషం ముట్టుకోనంటోంది. మాస్టారు మన రంగమే తీసేద్దామంటున్నారు. నా వేషం ఇంకెవరికైనా ఇవ్వండి. నువ్వు మాత్రం రా.

వెలెంపిని


ప్లమ్‌ట్రీ,
శుక్రవారం ఉదయం

నాయనా,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. సంకటి మాడిందని మా చెల్లెలు తిట్టింది.

నీకు ప్రేమతో అన్నం పెట్టాననుకుంటున్నావు. కాదు. మెహ్లులి సంగతి ఏదైనా చెబుతావని పెట్టాను. నువ్వు తిని, చెయ్యి కడుక్కుని, "వెళ్ళొస్తానమ్మా" అనేవాడివి. నువ్వు గుమ్మం దాటగానే నీమీద దుమ్మెత్తి పోసేదాన్ని. ఇద్దరూ కలిసి గనులకి వెళితే వీడొక్కడే తిరిగొచ్చి నా సంకటి తింటున్నాడని తిట్టుకునేదాన్ని.

కానీ ఇది కూడా విను. నువ్వు "వెనక వస్తున్నాడు" అన్నాక నేను శాలువా సర్దుకున్నాను. పక్కనున్నావిడతో, "నా కొడుకు దిగుతున్నాడు, కాస్త జరగమ్మా," అన్నాను. ఆవిడ నవ్వి చోటిచ్చింది. రైలువాళ్ళు సామాన్ల పెట్టె తలుపు తీసేదాకా నా అంత సంతోషంగా ఆ ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. నా బతుకులో ఆఖరి సంతోషం అదే. అది నీ అబద్ధం పెట్టిన భిక్ష. దానికి నిన్ను కొట్టాలో దండం పెట్టాలో నాకు తెలియడం లేదు.

నన్ను కాపాడటానికి నవ్వారట. ఇంకెప్పుడూ నన్ను అలా కాపాడవద్దని మాస్టారితో చెప్పు. రంగం తీసెయ్యనివ్వకు. రేపు పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నీ వేషం నువ్వే వెయ్యాలి. తలుపు తీసుకుని దిగు. రాసిన మాట అను, సొంతమాట ఒక్కటీ కలపకు. నేను నిన్ను కావలించుకుంటాను. అది నా వేషంలో ఉంది కాబట్టి.

తెర పడ్డాక నాతో ఇంటికి రా. ఈసారి ముందు పళ్ళెం పెట్టను. గనిలో నా కొడుకు ఎలా పోయాడో, నొప్పి పడ్డాడో లేదో, నన్ను పిలిచాడో లేదో, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ తర్వాత తినగలిగితే ఇద్దరం తిందాం.

సిఖన్యిసో