హాలు కోసం మూడు నిమిషాలు

అక్కా,

మా ఊరి హాలు సంగతి అడిగావు. పైకప్పు కారుతోంది, గోడకి దుంగలు ఆన్చి నిలబెట్టారు. కొత్తది కట్టడానికి చందాలడిగితే అందరూ ముఖం చాటేశారు. అందుకని కమిటీ పెద్ద మాస్టారు ఒక ఉపాయం ఆలోచించారు. ప్రతి ఆదివారం హాల్లో తాళ్లు కట్టి కొట్లాట పెడుతున్నారు. మా ఆయనే, నీ మరిదే, అందులో మొనగాడు. రుసుము కట్టి ఎవరైనా అతనితో తలపడవచ్చు. మూడు నిమిషాలు పడిపోకుండా నిలిస్తే దానికి పదింతలు అతను హాలు నిధికి ఇవ్వాలి. ఇంతవరకు ఎవరూ నిలవలేదు. మాంసం కొట్టి కొట్టి కాయలు కాచిన చేతులు కదా! అతనితో తలపడ్డ బస్సు డ్రైవరుకి ఒక చెవి వినపడటం లేదు. "మీ ఆయన ఊరికి ఎంత మేలు చేస్తున్నాడమ్మా!" అని మాస్టారు నాతోనే అన్నారు.

కోప్పడకుండా చదువు. నిరుడు నా మణికట్టు విరిగింది బాత్రూంలో జారిపడి కాదు. నీ కూతురి పెళ్లికి రానిది జ్వరం వల్ల కాదు, ఈ ముఖం నీకు చూపించలేక. ఎనిమిదేళ్లుగా నాకు రుసుము లేకుండానే పడుతున్నాయి. చెబితే నమ్మేదెవరు? ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. కుట్టుమిషను అమ్మి రుసుము కట్టి, వచ్చే ఆదివారానికి నా పేరు రాయించాను. మాస్టారు వేళాకోళమనుకున్నారు.

నీ పొట్టిది


అక్కా,

ఎడమ కన్ను ఇంకా తెరుచుకోలేదు. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

తాళ్ల కిందనుంచి దూరగానే హాలంతా గొల్లున నవ్వింది. "ఇంటికి పోవే, పరువు తీయకు" అన్నాడతను. "రుసుము కట్టాను, గంట కొట్టండి" అన్నాను. మొదటి దెబ్బ ఆటకి విసిరాడు. తప్పుకున్నాను. జనం అతన్ని చూసి నవ్వారు. అంతే, ఇంట్లో ముఖం బయటికొచ్చింది. కుడి భుజం లేస్తే ఎడమ చెయ్యి వస్తుందని, పెదవి కొరికితే కాలు వస్తుందని నాకు తెలుసు. ప్రతిదీ రాకముందే తప్పుకున్నాను. జుట్టు పొద్దున్నే కత్తిరించేశాను. అలవాటుకొద్దీ అతను జుట్టు కోసం చెయ్యి చాచి గాలిని పట్టుకున్నప్పుడు నవ్వులు ఆగిపోయాయి. "ఈ పిల్ల ఇదంతా ఎక్కడ నేర్చిందిరా?" అని మంత్రసాని ముసలమ్మ అడిగింది.

చివర్లో రెండు తగిలాయి. రెండు పళ్లు ఊడి నేలమీద పడ్డాయి. తాడు పట్టుకుని నిలబడ్డాను. గంట మోగినా అతను ఆగలేదు. అందరికంటే ముందు తాపీమేస్త్రి దూకి స్టూలుతో అతని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. నాకు జాలి వెయ్యలేదక్కా, హాయిగా అనిపించింది.

మాస్టారింట్లోనే ఉంటున్నాను. అతని గడప ఇక తొక్కను. మాస్టారు సిగ్గుతో నా ముఖం చూడలేక, పందాలు ఆపేస్తానన్నారు. ఈ పొద్దున్న నలుగురు ఆడవాళ్లు రుసుము పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"అతను కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు కదమ్మా! ఎవరితో కొట్లాడతారు?" అన్నారు మాస్టారు.

ముందు నిలబడ్డ తాపీమేస్త్రి భార్య డబ్బు బల్లమీద పెట్టింది.

"మా ఆయనతో" అంది.

నీ పొట్టిది