స్వయంగా చూశాను

అక్కకి,

సామాన్లు సర్దకు. లారీ మాట్లాడి ఉంటే వద్దని చెప్పెయ్. రెండుసార్లు ఫోన్ చేశాను గానీ, "ఒరేయ్, కొత్త ఫ్లాటు బాల్కనీలోంచి ఊరంతా కనబడుతుందిరా!" అని నువ్వు మురిసిపోతుంటే వేరే మాటలేవో చెప్పి పెట్టేశాను.

ఆ బిల్డింగుకి అనుమతి మూడంతస్తులకే. మీరు కొన్నది ఐదో అంతస్తు. ఫైలు తనిఖీ కోసం మున్సిపల్ ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చిన రోజు కార్పొరేటరు మనుషులిద్దరు ఎదురుగా కూర్చున్నారు. "వెళ్లి చూస్తానన్న మీ ముందాయన ఇప్పుడెక్కడున్నాడో తెలుసుగా సార్?" అని నవ్వారు. తెలుసు. అందుకే కుర్చీలోంచి లేవకుండానే "స్వయంగా చూశాను, అంతా సక్రమం" అని రాసి సంతకం పెట్టేశాను.

నువ్వు అడ్రసు పంపాక నిన్న మొదటిసారి వెళ్లాను. సెల్లారులో మెట్ల పక్క స్తంభం పగులులో నా వేలు దూరింది. పైన ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత పెడుతోంది.

"మీ తమ్ముడి ఆఫీసు వాళ్లే చూశారుగా" అని బావ ధైర్యంగా ఉన్నాడన్నావు. ఈ ఉత్తరం ఆయనకి చూపించు. అంతకంటే ముందు, అక్కడ అప్పుడే చేరినవాళ్లకి చూపించు. ఎప్పుడూ లేనిది, నీకు రాసే ఉత్తరం కింద పూర్తి సంతకం పెడుతున్నాను. నమ్మనివాళ్లని, ఫ్లాటు కాగితాల్లో ఉన్న నా సంతకం పక్కన దీన్ని పెట్టి చూసుకోమను.

నీ తమ్ముడు
(పూర్తి సంతకం)