ఆ సన్నని స్వరం ఎవరిది?

అక్కా,

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. మీ మరిది మీద నాకు నమ్మకం పోయింది.

చచ్చిపోయిన నక్షత్రాలు కొన్ని ఊరంత ఉండలా కుదించుకుపోయి గిర్రున తిరుగుతుంటాయని చెప్పాను కదా, న్యూట్రాన్ నక్షత్రాలని. వాటి ఒంటి మీద ఆవగింజంత బొడిపె ఉన్నా చాలు, గురుత్వ తరంగాలు సన్నని స్వరంలా ఆగకుండా వస్తాయి. పదకొండేళ్లుగా ఆ స్వరం కోసమే వెతుకుతున్నాను. మూడు నెలల క్రితం ఒకటి దొరికింది. మా జట్టు పెద్దకైనా చెప్పకుండా ఆయనొక్కరికే చెప్పాను.

అప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. ఆ తరంగాలను పట్టే మా యంత్రం బాగోగులు చూసే ఇంజనీరు కదా, ప్రతి గురువారం మధ్యాహ్నం దాని గాలి తోడే పంపుల గదిలో దూరి లోపల గడియ పెట్టుకుంటున్నాడు. నన్ను చూస్తే కాగితాలు బోర్లిస్తాడు. నిన్న ఇదే యంత్రంతో వెతికే పోటీ జట్టులోని కళ్ళజోడామెతో మెట్ల మీద గుసగుసలు! ఏంటని అడిగితే, "వాతావరణం గురించి" అన్నాడు. వాన పడుతున్నా గొడుగు పట్టుకెళ్లని మనిషి!

నా పని ఆమె చేతిలో పెడుతున్నాడక్కా. ఆదివారం నీ దగ్గరికి వచ్చేస్తాను. ఎన్నాళ్లని అడక్కు.

నీ చెల్లి


అక్కా,

ఆదివారం రాలేదుగా, ఇక రావడం లేదు. గురువారం వెళ్లి ఆ తలుపు బాదాను. తీశాడు. చేతిలో నా స్వరం గీసిన కాగితం!

"నా కష్టం ఆవిడకి అమ్ముకుంటున్నారా?"

"అది నక్షత్రం కాదే. నేను బిగించిన కొత్త పంపు. గది వేడెక్కేకొద్దీ దీని వేగం కాస్త కాస్త మారి, నక్షత్రం స్వరంలాగే వినిపిస్తోంది. గురువారాలు ఆపి చూస్తున్నా. ఆపినప్పుడు నీ స్వరం ఉండట్లేదు."

"మరి ఆవిడతో?"

"వాళ్లకీ వచ్చిందా అని అడిగా. వచ్చిందట."

నమ్మలేదు. ఆయన ఆపిన గంటలన్నీ రాసుకుని రెండు రోజులు నేనే లెక్క కట్టాను. పంపు తిరిగితే ఉంది, ఆగితే లేదు.

"మొదటే ఎందుకు చెప్పలేదు?"

"నీ సంతోషం చూసి నోరు పెగల్లేదు."

దొంగ అనుకున్నందుకు సిగ్గేసింది. జాలిపడి దాచినందుకు ఒళ్లు మండింది.

సోమవారం సమావేశంలో నేనే లేచి, నాకు దొరికింది పంపని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కళ్ళజోడామె మెల్లగా, "నేనూ ఇదే స్వరాన్ని నెలన్నరగా దాచుకున్నాను, తెలిస్తే మీరెక్కడ ముందు చెప్పేస్తారోనని" అంది.

ఇంటికొచ్చి మీ మరిదితో ఒకటే అన్నాను: "ఎంత చేదైనా ఆ రోజే చెప్పండి."

ఆయన, "అయితే విను. పోయిన వారం నీకు దొరికిన ఇంకో స్వరం కూడా నాకు అనుమానమే" అన్నాడు.

రేపు పొద్దున్నే ఇద్దరం కలిసి పంపుల గదికి వెళ్తున్నాం.

నీ చెల్లి