తిరుగు టపాలో వచ్చిన ముక్కలు

మామయ్యగారికి నమస్కారాలు.

నిఘంటువు కోసం మీరు రాసిన ‘కత్తిరింపు’ అందింది. అర్థం, పుట్టుక కలిపి నాలుగు వాక్యాలు అడిగితే పదకొండు పేజీలు పంపారు. చదివేసరికి నా ప్రాణం సగమైంది. సంస్కృత ‘కర్తరి’ ప్రాకృతంలో ‘కత్తరి’ అయి, మనకు ‘కత్తెర’ అయిందన్నది బాగుంది. మధ్యలో మీ పెళ్లి బట్టలు కుట్టిన దర్జీ దేనికండీ? మా ఆఫీసు పద్ధతి ప్రకారం, కత్తిరించిన ముక్కలు జతచేశాను.

మీ మేనల్లుడు

తా.క. శుక్రవారానికి పేజీ అచ్చుకు వెళ్లకపోతే నా ఉద్యోగం ఊడుతుంది.

*

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కవరు విప్పగానే కడుపు నిండింది. అన్ని పేజీల్లోంచి దర్జీ ముక్కలే ఏరికోరి కత్తిరించావంటే, మా అల్లుడిది ఎంత రసికత! పేపర్లో మంచి సంగతి కనిపిస్తే మనం కత్తిరించి దాచుకోమూ? అందుకే వాటినే పెంచి పంపుతున్నాను. దర్జీ తమ్ముడు కూడా వచ్చాడు. కత్తెర పుట్టుక తీసేశాను, నువ్వు దాన్ని తిప్పి పంపలేదుగా.

మామయ్య

తా.క. ‘అక్కర్లేనిది తీసేసి, కావలసింది మిగల్చడం అంటే చాలదూ?’ అంటోంది మీ అత్తయ్య. ఆవిడకేం తెలుసు, పట్టించుకోకు.

*

మామయ్యగారూ, మీకో దండం.

కత్తిరించినవి అచ్చు కావు. మీరే ఉంచుకోండి. దర్జీ, వాడి తమ్ముడు, తమ్ముడి సైకిలు, అన్నీ తిరిగి పంపుతున్నాను. రేపే శుక్రవారం. ఉన్నదాంతో సర్దుకుంటాను.

మీ మేనల్లుడు

తా.క. గట్టిగా రాసి ఉంటే మన్నించండి. ఇంటికెళ్లి సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్లయిందో.

*

చిరంజీవికి,

నిఘంటువు వచ్చింది. నీ ఉద్యోగం నిలిచినందుకు సంతోషం. ‘కత్తిరింపు’ దగ్గర తెరిచి చూశాం. కత్తెర పుట్టుక ఒక వాక్యం, దాని పక్కన మీ అత్తయ్య మాట, పొల్లు పోకుండా. అంతే.

నా కాగితాలన్నీ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. ‘అచ్చు కావు, మీరే ఉంచుకోండి’ అన్నప్పుడే గ్రహించాను, ఇలాంటివి అడ్డమైనవాళ్ల చేతుల్లో పడకూడదని. ఇన్నేళ్లుగా రాస్తున్నా, నా రాతకి ఇంత మర్యాద చేసినవాళ్లు లేరు నాయనా.

మీ అత్తయ్యని చూస్తేనే జాలేస్తోంది. ఆవిడది ఒక్క ముక్కా తిరిగి రాలేదు, పుస్తకంలోనే ఉండిపోయింది. పాపం, పొద్దుటినుంచి వంటింట్లోంచి బయటికి రావడం లేదు. ఓదారుస్తున్నాను.

మామయ్య

తా.క. నాయనా, నేను మీ అత్తయ్యని. ఉత్తరం టపాలో వెయ్యమని నాకిచ్చారు. వంటింట్లో ఏడవడం లేదు, నవ్వు ఆపుకుంటున్నాను. చాన్నాళ్లకి ఆయన ఈలవేస్తూ గడ్డం గీసుకున్నారు. అసలు సంగతి ఆయనకి రాయకు. రాశావో, ఆ ముక్క కత్తిరించేసి, మిగతా ఉత్తరమే ఆయన చేతికిస్తాను.