మన తీరం కుర్చీ

అన్నయ్యా,

ఫోన్‌లో చెబితే సగం వినకుండానే కోప్పడతావని ఉత్తరం రాస్తున్నాను. ఎలాగూ ఆఫీసువాళ్ళు పిలుస్తారని ఫోన్ కట్టేశాను. చేపల పరిశోధనకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు పంచే కమిటీలో మన తీరం తరఫున నాకు కుర్చీ దొరికిందని రేవు మొత్తం చెప్పుకుని మురిసిపోయావు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను నోరు విప్పితే చాలు, అధ్యక్షుడుగారు నవ్వుతూ, "మీ తీరానికి కుర్చీ ఇచ్చాం కదమ్మా, డబ్బు కూడానా?" అంటారు. డబ్బంతా పెద్ద రేవులున్న వైపుకే పోతోంది. వచ్చే సమావేశంలో మన ప్రయోగశాలను మూసేస్తారు. పిల్లచేపలు ఎందుకు చచ్చి తేలుతున్నాయో కనుక్కోవడానికి మనకున్నవి ఆ రెండు గదులే.

ఒక్కటే దారి ఉంది. ఏ తీరం సంగతి తేల్చాలన్నా ఆ తీరం మనిషి ఎదుట ఉండాలని కమిటీ నియమం. ఒప్పుకోనక్కర్లేదు, కూర్చుంటే చాలు. అందుకే నేను వెళ్ళడం లేదు. ఈ కమిటీ ఉద్యోగం పోతే పోనీ. ఈ ఏడు గడిస్తే కొత్త కమిటీ వస్తుంది. నన్ను పిరికిదాన్నని మాత్రం అనుకోకు, అన్నయ్యా. నువ్వలా అనుకుంటే తట్టుకోలేను.

నీ చెల్లి


చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. సమావేశం నిన్ననే అయిపోయింది.

మొన్న ఆఫీసు గుమాస్తా రేవుకొచ్చాడు. "మీ చెల్లెలి ఫోన్ కలవడం లేదండీ. పడవల సంఘం పెద్దగా మీరైనా వచ్చి కూర్చోండి" అన్నాడు. నీకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మన కుర్చీ ఖాళీగా ఉంటే పరువేం కావాలని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. ఎంత మర్యాద చేశారనుకున్నావు! అధ్యక్షుడే లేచి కుర్చీ చూపించాడు. మన ప్రయోగశాల పేరు రాగానే, మూయొద్దని గట్టిగానే చెప్పాను. అందరూ తలలూపారు. నేను హాజరైనట్టు రాసుకున్నారు. తరవాత వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకుని చేతులెత్తారు. నా మాటకే ఎత్తారనుకున్నాను.

గెలిచొచ్చానని మనవాళ్ళందరికీ చెప్పాను తల్లీ. పొద్దున లారీ వచ్చి ప్రయోగశాల సామాను ఎక్కిస్తుంటే, వీటి బదులు కొత్తవి తెస్తారు కాబోలని నేనూ ఓ చెయ్యి వేశాను. బరువైన పెట్టెలన్నీ నేనే మోశాను. లారీ వెళ్ళిపోయాక పోస్టు వచ్చింది.

నువ్వు పిరికిదానివి కావు. వచ్చి నన్ను నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను. మాట్లాడడం మాత్రం మానేయకు.

మీ అన్న