డాక్టరమ్మకు మేడమీద గది

మేస్త్రీ పని చేసుకుంటూ, ఏ వేదాంత కళాశాల గడపా తొక్కకుండా బైబిలు గ్రంథం చదివి, ముప్పై ఏళ్లుగా చర్చిలో వాక్యం చెబుతున్న నేను, మైకు తాత అని పిలవబడేవాణ్ని, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిమితంగా ఉంది. కోపం లేదని కూడా రాయబోతున్న లేఖరిని ఆపాను. ఉంది, రాయమన్నాను.

1. నా చేతులతో కట్టిన పై అంతస్తు, అంటే రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది, విడి మెట్లతో సహా, మన ఆసుపత్రి డాక్టర్ల నివాసానికి అద్దె లేకుండా చెందాలి. అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

కారణం మీకు తెలుసు, అయినా చెబుతాను. ఏళ్ల తరబడి ఇక్కడ డాక్టరు లేడు. జ్వరానికీ బస్సే, కాన్పుకీ బస్సే. చివరికి ఒక డాక్టరమ్మ వస్తే సంఘం పూటంతా సన్మానం చేసింది. రోగులు ఎండలో నిలబడ్డారు. అద్దెకు ఇల్లడిగితే మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. "ఒంటరి ఆడపిల్ల, వేళాపాళా లేని ఉద్యోగం, మాకెందుకమ్మా ఈ తలనొప్పి" అన్నది సంఘపెద్ద, సాక్షాత్తూ నా బావమరిది. ఆయనింట్లో మూడు గదులు తాళాలేసి ఉన్నాయి. అప్పట్లో మాకున్నది కింది రెండు గదులే; తెర కట్టి ఒకటి ఇస్తానని నా భార్య అంటే ఆ పిల్ల మొహమాటపడింది. మందుల స్టోరులో, సెలైన్ పెట్టెల మధ్య మడతమంచం మీద పడుకుని, వానలకు స్టోరు కారడంతో బదిలీ చేయించుకుపోయింది.

ఆ తర్వాతే నా భార్యకు గుండెనొప్పి వచ్చింది. గుండె డాక్టరు పెద్ద ఊళ్లో. అక్కడిదాకా ప్రాణం నిలిపే మామూలు డాక్టరు కూడా ఇక్కడ లేడు. దారిలోనే పోయింది. శవం దగ్గర బావమరిది దేవుని చిత్తం అన్నాడు. దేవుని మీదికి నెట్టకు. అది తాళాల చిత్తం.

నిండుచూలాలికి సత్రంలో చోటు దొరకలేదని క్రిస్మస్‌ నాడు చదివి కళ్లొత్తుకునే సంఘమా, అదే గ్రంథంలో షూనేమీయురాలనే ఇల్లాలు ప్రవక్తకు మేడమీద గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం పెట్టింది. సన్మానపత్రం చదవలేదు.

2. కింది భాగం పెద్దకొడుక్కి. "నాన్నా, డాక్టర్లు రారు, వచ్చినా ఉండరు, పైది గోడౌనుకిద్దాం" అన్నావు. ఉండనిస్తేగా! పైనున్నవాళ్లు ఎప్పుడొచ్చారు, ఎవరితో వచ్చారు అని మీ దంపతులు ఆరా తీసిన రోజున కింది భాగమూ ఆసుపత్రిదే.

3. నా బంగారు మనవరాలికి, మూర్ఛకు చూపించుకోవడానికి బస్సుల్లోనే పెరిగినదానికి, నాయనమ్మ దుప్పటి, నా గ్రంథం. అంచుల్లో రాసిన తిట్లు చదవకమ్మా.

4. బావమరిదికి ఏమీ లేదు.

5. పిల్లల డాక్టరమ్మ ఒకామె కొత్తగా చేరిందనీ, ఆమెకూ స్టోరులోనే మంచం వేశారనీ నర్సమ్మ పొద్దున చెప్పింది. వీలునామా మరణానంతరమే అమలవుతుందని లేఖరి అంటున్నాడు. అంతదాకా ఆ పిల్ల ఆగదు. అందుకే మొదటి అంశాన్ని బతికుండగానే అమలు చేసి, తాళంచెవి నర్సమ్మకిచ్చాను. ఈ వీలునామా నడిపించే బాధ్యతా ఆమెదే.

ఇది రాయిస్తుండగానే పైన మంచం జరిపిన చప్పుడు వినిపించింది. మనవరాలు చూసొస్తానని మెట్లెక్కింది.

మార్చి 9, ఆదివారం, ఆరాధన అయ్యాక.

(సంతకం) మైకు తాత

సాక్షులు:
దస్తావేజు లేఖరి
బావమరిది, సంఘపెద్ద (నాలుగో అంశం చదివాను. అయినా సంతకం చేస్తున్నాను.)